వెటకారం ఎక్కడ ఆగాలి? ట్రోలింగ్ ఎక్కడ మొదలవుతుంది? ఒక వాట్సాప్ గ్రూప్ పాడయ్యేది ఇలాగే..

ద్రాక్షారామం: ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ తీస్తే మా టెన్త్ బ్యాచ్ గ్రూప్‌లో 214 మెసేజ్‌లు. అన్నిటికంటే కింద, అడ్మిన్లకు మాత్రమే కనిపించే చిన్న లైన్ ఒకటి ఉంది. మా తెలుగు మాస్టారు గ్రూప్‌లోంచి వెళ్ళిపోయారు.

లాక్‌డౌన్ రోజుల్లో సరదాగా పెట్టుకున్న గ్రూప్ అది. ఇక్కడ చదువుకుని ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు, దుబాయ్ అంటూ తలో దిక్కున ఉన్న అరవై మందిమి. మాస్టారిని మేమే బతిమాలి యాడ్ చేశాం. అడ్మిన్లం ముగ్గురం. అందులో నేనూ ఉన్నాను.

రాత్రి జరిగింది ఇదీ. గల్ఫ్‌లో పని పోయి తిరిగొచ్చిన మా క్లాస్‌మేట్ ఒకడు రోడ్డు పక్కన కొబ్బరి బొండాల బండి పెట్టుకున్నాడు. మొదటి రోజు కదా, సంతోషంగా ఫోటో పెట్టాడు. ఎవరో దాన్ని స్టిక్కర్ చేశారు. ఇంకొకరు దానికి డైలాగ్ తగిలించారు. పదకొండు దాటేసరికి గ్రూప్ నిండా అవే. మాస్టారు "తప్పు నాన్నా, వాడు కష్టపడి బతుకుతున్నాడు" అని ఒక్క మెసేజ్ పెట్టారు. రెండు నిమిషాల్లో మాస్టారి డీపీతోనే స్టిక్కర్ వచ్చేసింది.

ఇందులో నా వాటా కూడా చెప్పాలి. మొదటి స్టిక్కర్‌కి నవ్వే ఎమోజీ పెట్టి పడుకున్నాను. అంతే చేశాను. ఆ 'అంతే' ఎంత పెద్దదో తర్వాత అర్థమైంది.

మీ గ్రూప్‌లో కూడా ఇలాంటి రాత్రి ఒకటి గడిచే ఉంటుంది. అసలు మంచిగా నడిచే గ్రూపులు ఎందుకు పాడవుతాయి? ఎవరు ఆపాలి? ఎలా ఆపాలి? చూద్దాం.

వెటకారం మనది.. మరి ట్రోలింగ్?

గోదావరి జిల్లాల వాళ్ళకి వెటకారం కొత్తేం కాదు. అదే మన గుర్తింపు కూడా. గల్ఫ్ నుంచి దిగిన వాడిని టీ కొట్టు దగ్గర "ఏంట్రా, ఎడారంతా ఊడ్చేసి వచ్చేశావా?" అని అడగకపోతే ఆ ఊరి వాళ్ళం అనిపించుకోం. వాడూ ఊరుకోడు. "మీకోసం ఓ మూల వదిలేశానండి, వెళ్ళి ఊడ్చుకోండి" అంటాడు. అందరూ నవ్వుతారు. టీ డబ్బులు అడిగినవాడే ఇస్తాడు.

ఈ వెటకారంలో మూడు విషయాలున్నాయి. ఒకటి, అన్నవాడి మొహం కనిపిస్తోంది. నవ్వుతూ అన్నాడో, కడుపులో పెట్టుకుని అన్నాడో తెలిసిపోతుంది. రెండు, పడినవాడికి తిరిగి అనే ఛాన్స్ ఉంది. మూడు, మాట హద్దు దాటితే పక్కనున్న పెద్దాయన "ఇక చాల్లెండిరా" అంటాడు. రేపు పొద్దున్న మళ్ళీ అదే కొట్టు దగ్గర అందరూ మొహమొహాలు చూసుకోవాలి. ఆ భయం కూడా ఉంటుంది.

ఫోన్‌లోకి వచ్చేసరికి ఈ మూడూ పోతాయి. మాట మాత్రం మిగులుతుంది. అదే జోక్ అరవై మంది ముందు, అర్ధరాత్రి, స్టిక్కర్‌గా పడితే పడినవాడికి నవ్వు రాదు. తిరిగి అనడానికి కూడా ఉండదు. ఒకడికి జవాబిచ్చేలోపు పది మంది వచ్చి పడతారు.

కాబట్టి తేడా మాటలో లేదు. ఎదుటివాడు కూడా నవ్వుతున్నాడా లేదా అన్న దగ్గరే ఉంది. వాడు నవ్వడం ఆపేశాక కూడా మనం ఆపకపోతే అది వెటకారం కాదు, ట్రోలింగ్.

అసలు ట్రోలింగ్ అన్న మాటకి అర్థం ఏంటి?

చేపలు పట్టే వాళ్ళ మాట ఇది. పడవ వెనకాల ఎర కట్టిన గాలం లాక్కుంటూ వెళ్ళడాన్ని ఇంగ్లీషులో ట్రోలింగ్ అంటారు. 1990లలో ఇంటర్నెట్‌లోని పాత చర్చా గ్రూపుల్లో, కావాలని ఒక పిచ్చి ప్రశ్నో రెచ్చగొట్టే మాటో పడేసి, ఎవరు తగులుకుంటారా అని చూసే వాళ్ళకి ఈ పేరు స్థిరపడింది.

రేవుల దగ్గర పెరిగిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. గాలం వేసినవాడికి నీళ్ళ మీద కోపం ఉండదు. చేప పడాలి, అంతే. గ్రూప్‌లో రెచ్చగొట్టేవాడికి కూడా చాలాసార్లు ఆ టాపిక్ మీద అభిప్రాయమే ఉండదు. మీ కోపమే వాడికి కావాల్సిన చేప.

మన గ్రూపుల్లో ఇది నాలుగైదు రకాలుగా కనిపిస్తుంది. హీరోల పేరుతోనో, పార్టీల పేరుతోనో రోజూ అదే గొడవ లేపడం. ఎవరో ఒకరిని పట్టుకుని అందరూ కలిసి ఆడుకోవడం. వద్దన్నా ఫార్వర్డ్‌లు, లింకులు గుప్పించడం. ఫేక్ ఐడీతో మాట్లాడటం. లోపల మాట్లాడుకున్నది స్క్రీన్‌షాట్ తీసి బయట పెట్టడం. చూడటానికి అన్నీ చిన్నపిల్లల చేష్టలే. చేసేవాళ్ళు మాత్రం పిల్లలే కానక్కర్లేదు, నలభై దాటినవాళ్ళు కూడా ఉంటారు.

మంచివాళ్ళు కూడా ఎందుకిలా చేస్తారు?

అమెరికా సైకాలజిస్ట్ జాన్ సూలర్ 2004లో దీని మీద ఒక వ్యాసం రాశారు. ఆన్‌లైన్‌లో మనిషికి ఉండే బెరుకు వదిలిపోతుందని, దానికి కొన్ని కారణాలున్నాయని చెప్పారు. మనం ఎవరమో తెలియదన్న ధీమా. ఎదుటివాడు కనిపించకపోవడం. జవాబు అప్పుడే వినాల్సిన పని లేకపోవడం. ఇదంతా ఒక ఆటేలే అన్న ఫీలింగ్. ఇలా బెరుకు పోవడం వల్ల మంచి కూడా జరుగుతుందని ఆయనే అన్నారు. ఎదురుగా చెప్పుకోలేని బాధ ఆన్‌లైన్‌లో చెప్పుకునేవాళ్ళు ఎంతమంది లేరు? కాకపోతే అదే తలుపులోంచి చెడు కూడా వస్తుంది.

ఇంకో పరిశోధన మరీ ముఖ్యం. స్టాన్‌ఫర్డ్, కార్నెల్ యూనివర్సిటీల వాళ్ళు 2017లో బయటపెట్టారు. ట్రోల్స్ అంటే పుట్టుకతోనే చెడ్డవాళ్ళా, లేక ఎవరైనా అలా మారొచ్చా అన్నది వాళ్ళ ప్రశ్న. 667 మందిని తీసుకున్నారు. కొందరికి తేలిక టెస్ట్, కొందరికి చికాకు పుట్టించే కష్టమైన టెస్ట్ పెట్టారు. ఆ తర్వాత ఒక ఆర్టికల్ ఇచ్చి కామెంట్ రాయమన్నారు. కొందరికి పైన మామూలు కామెంట్లు కనిపించాయి. మిగతావాళ్ళకి తిట్లు, ఎత్తిపొడుపులు కనిపించాయి.

తేలిక టెస్ట్ రాసి, మంచి కామెంట్లు చూసిన వాళ్ళ దగ్గర కూడా 35 శాతం దాకా ట్రోలింగ్ కామెంట్లు వచ్చాయి. చికాకు మూడ్‌లో ఉండి, పైన చెడ్డ కామెంట్లు చూసిన వాళ్ళ దగ్గర అది 68 శాతానికి చేరింది. దాదాపు రెట్టింపు. ఒక న్యూస్ సైట్ కామెంట్లు పరిశీలిస్తే రాత్రి పొద్దుపోయాక ఈ గోల పెరుగుతోందని కూడా తేలింది.

దీన్నిబట్టి ఏం అర్థమవుతుంది? ట్రోల్ అనేవాడు ఎక్కడి నుంచో ఊడిపడడు. అలసిపోయి, చికాకుగా ఉండి, అప్పటికే నాలుగు స్టిక్కర్లు పడి ఉన్న గ్రూప్ తెరిస్తే ఐదోది వేసేది మీరో నేనో కావచ్చు. పైన ఏముందో చూసి కింద అదే రాస్తాం. మా గ్రూప్‌లో మొదటి స్టిక్కర్‌కి నేను పెట్టిన ఎమోజీ చేసిన పని అదే. "ఇక్కడ ఇది నడుస్తుంది" అని చెప్పేసింది.

స్టిక్కర్లే కదా అనుకుంటే..

అలవాటు ఒకటే. పందెం పెరిగితే నష్టం పెరుగుతుంది. దీన్ని మన జిల్లా కళ్ళారా చూసింది.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలతో పాటు అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న దాన్ని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాగా మారుస్తూ ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. మే 24న అమలాపురంలో నిరసన కాస్తా హింసగా మారింది. అప్పటి మంత్రి పినిపే విశ్వరూప్, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇళ్ళకు నిప్పు పెట్టారు. బస్సులు తగలబడ్డాయి. పోలీసులకు గాయాలయ్యాయి.

ఇక్కడ ఒకటి స్పష్టంగా చెప్పుకోవాలి. ఆ గొడవకి మూలం వాట్సాప్ కాదు. ఒక మహానుభావుడి పేరు చుట్టూ లేచిన ఆ కోపం వెనక ఉన్న కులం లెక్కలు ఫోన్ కంటే చాలా పాతవి. కానీ జనాన్ని ఒక్కచోటికి చేర్చడంలో వాట్సాప్ గ్రూపులు పని చేశాయని పోలీసులు చెప్పారు. తర్వాత నిందితుల్ని గుర్తుపట్టడానికీ అవే గ్రూపుల్ని చూశారు. అరెస్టయిన వాళ్ళలో చాలామంది కుర్రాళ్ళే.

తర్వాత రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసుకునేవాళ్ళు సిగ్నల్ ఉన్న ఊళ్ళు వెతుక్కుంటూ వెళ్ళారు. ఫోన్ పేలు పని చేయక చిన్న వ్యాపారులు ఇబ్బంది పడ్డారు. ద్రాక్షారామం నుంచి కోటిపల్లి రేవుకెళ్ళి పంటు ఎక్కితే అవతలి ఒడ్డు ముక్తేశ్వరం. అక్కడి నుంచి అమలాపురం ఎంతో దూరం కాదు. మనకిది టీవీలో చూసిన వార్త కాదు, పక్కూరి సంగతి.

అలాగని ప్రతి గ్రూపూ అమలాపురం అయిపోతుందని కాదు. స్టిక్కర్ దగ్గర "ఇక చాలు" అనడం అలవాటు లేని గ్రూప్, అంతకంటే పెద్దది వచ్చినప్పుడు కూడా అనలేదు. కష్టం అక్కడే.

ఆపిన వాళ్ళు కూడా ఉన్నారు

2018 వేసవి గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ ఫార్వర్డ్‌లు ఊరూరా తిరిగాయి. తెలుగు రాష్ట్రాల్లోనూ, దేశంలో మరికొన్ని చోట్లా కొత్తగా కనిపించిన మనుషుల్ని జనం కొట్టారు. ప్రాణాలు పోయాయి.

అప్పుడు తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి వేరే దారిలో వెళ్ళారు. ఒక్కో ఊరి బాధ్యత ఒక్కో పోలీసుకి అప్పగించారు. వాళ్ళు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు. ఏది నిజమో ఏది పుకారో అక్కడే చెప్పారు. డప్పు కొట్టించి, పాటలు పాడించి ఊళ్ళో జనానికి అర్థమయ్యేలా చెప్పించారు. ఆమె పరిధిలోని 400కు పైగా గ్రామాల్లో ఆ పుకార్ల వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఇందులో పెద్ద టెక్నాలజీ ఏమీ లేదు. గ్రూప్‌లో తెలిసిన మనిషి ఒకరు ఉండి, టైముకి "ఇది నిజం కాదు" అన్నారు. టీ కొట్టు దగ్గర పెద్దాయన చేసే పనే ఇది.

వాట్సాప్ కూడా ఆ ఏడాదే ఇండియాలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. 2020లో ఇంకా బిగించింది. రెండు బాణం గుర్తులతో వచ్చే మెసేజ్ చూశారు కదా, అది ఇప్పటికే చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలరు.

చట్టం ఏం చెబుతోంది?

ఆన్‌లైన్‌లో 'చికాకు పెట్టే' మెసేజ్ పంపితేనే జైలు అనే 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. మాట్లాడే స్వేచ్ఛకి అది అడ్డమని చెప్పింది. అంటే జోక్ వేయడం, విమర్శించడం నేరం కాదు.

కానీ ఏదైనా నడుస్తుందని కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో వీటికి సెక్షన్లున్నాయి. ఆడవాళ్ళని ఆన్‌లైన్‌లో వెంటాడితే 78. మాటలతోనో చేష్టలతోనో అవమానిస్తే 79. కులమతాల మధ్య చిచ్చు పెడితే 196. బెదిరిస్తే 351. జనాన్ని రెచ్చగొట్టే పుకార్లు పుట్టిస్తే 353. ఇవి కాక ఐటీ చట్టం ఉంది. వేరేవాళ్ళ పాస్‌వర్డ్, ఐడీ వాడుకుంటే 66సీ, వేరే మనిషిలా నటించి మోసం చేస్తే 66డీ, అశ్లీలం పెడితే 67.

'సరదాకి అన్నాం' అంటే వదలరని 2024 జులైలో తెలిసొచ్చింది. ఒక తండ్రీ కూతుళ్ళ వీడియో మీద లైవ్‌లో నీచమైన కామెంట్లు చేసి నవ్వుకున్న కేసులో ఒక యూట్యూబర్‌ని తెలంగాణ పోలీసులు బెంగళూరులో అరెస్ట్ చేశారు. హీరో సాయి దుర్గ తేజ్ దాన్ని ఎక్స్‌లో బయటపెట్టాకే అందరి దృష్టీ పడింది. అప్పటికి ఆ వీడియో చూసి నవ్వినవాళ్ళూ ఉన్నారు. అది కూడా ఆలోచించాలి.

మరి ఎవరో పెట్టిన మెసేజ్‌కి అడ్మిన్ జైలుకెళ్ళాలా? అడ్మిన్ అయినంత మాత్రాన మెంబర్ తప్పుకి బాధ్యుడు కాడని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. అంతకుముందు బాంబే హైకోర్టు కూడా ఇలాగే చెప్పింది. అడ్మినే కుట్రలో ఉంటే మాత్రం సంగతి వేరు.

అడ్మిన్లూ, ఇవి చేయండి

కోర్టు వదిలేసినా గ్రూప్ బాధ్యత మనదే. మా గ్రూప్ దెబ్బ తిన్నాక నేర్చుకున్నవి ఇవి.

1. రూల్స్ మూడు చాలు. డిస్క్రిప్షన్‌లో పెట్టండి. 'మెంబర్ల ఫోటోలతో అడక్కుండా స్టిక్కర్లు చేయొద్దు' అన్నది మా మొదటి రూల్.

2. మొదటి మెసేజ్ దగ్గరే ఆపండి. యాభయ్యోది పడ్డాక ఆపడం కష్టం. 2022 నుంచి అడ్మిన్లు ఎవరి మెసేజ్ అయినా అందరికీ డిలీట్ చేయొచ్చు. వాడండి.

3. అందరి ముందూ క్లాస్ పీకొద్దు. పర్సనల్‌గా ఫోన్ చేయండి. మెసేజ్ వద్దు, ఫోనే. గొంతు వింటే సగం మంది దిగొస్తారు.

4. వేడి పెరిగితే సెట్టింగ్స్‌లో 'అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపగలరు' అన్నది రాత్రికి ఆన్ చేయండి. పొద్దున తీసేయండి. నిద్ర చాలా గొడవల్ని తీరుస్తుంది.

5. రెండుసార్లు చెప్పినా వినకపోతే తీసేయండి. ఎందుకు తీశారో ఒక్క లైన్‌లో గ్రూప్‌కి చెప్పండి. మీ ఫ్రెండ్‌కి ఒక రూల్, మిగతా వాళ్ళకి ఒక రూల్ పెడితే గ్రూప్ నమ్మదు.

అడ్మిన్ కానివాళ్ళు?

గ్రూపుల్లో మాట్లాడకుండా చూసేవాళ్ళే ఎక్కువ. గొడవ చేసేది ముగ్గురు, నలుగురు. మిగతావాళ్ళ మౌనం ఆ నలుగురికి చప్పట్లలా వినిపిస్తుంది. పెద్ద ఉపన్యాసం ఏమీ ఇవ్వక్కర్లేదు. "చాల్లేరా, ఇక వదిలెయ్" అన్న ఒక్క లైన్ చాలు. ఇద్దరు అంటే ఇంకా బలం. అది కూడా వద్దనుకుంటే, పడినవాడికి విడిగా ఒక మెసేజ్ పెట్టండి. వాడు ఒంటరి కాదని తెలుస్తుంది.

మీ మీదే పడితే మాత్రం వెంటనే జవాబివ్వకండి. గాలం మింగొద్దు. ముందు తేదీ, నంబర్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. తర్వాత బ్లాక్, రిపోర్ట్ చేయండి. బెదిరింపులు, మార్ఫింగ్ ఫోటోల దాకా వస్తే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో గానీ, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ ఫిర్యాదు ఇవ్వండి. ఆన్‌లైన్‌లో డబ్బు మోసం జరిగితే 1930కి కాల్ చేయాలి. మనసు బాగా కుంగిపోతే టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, ఫ్రీ. ఇంట్లోవాళ్ళకి చెప్పడం అన్నిటికంటే ముందు.

చివరికి మా గ్రూప్ ఏమైందంటే..

ఆ ఆదివారమే అడ్మిన్లం ముగ్గురం మాట్లాడుకున్నాం. స్టిక్కర్లన్నీ డిలీట్ చేశాం. మొదట చేసినవాడికి ఫోన్ చేస్తే, "ఇంతదాకా వస్తుందనుకోలేదు" అన్నాడు. నిజమే అయ్యుంటుంది. మేమూ అనుకోలేదు కదా.

తర్వాతి వారం ఊరెళ్ళినప్పుడు బొండాల బండి దగ్గర ఆగాం. వాడు ఏమీ అనలేదు. బొండాలు కొట్టిచ్చాడు, డబ్బులు తీసుకున్నాడు. ఇదివరకు అయితే తీసుకునేవాడు కాదు. గ్రూప్‌లో ఇప్పటికీ వాడు మెసేజ్ పెట్టడం లేదు.

అక్కడి నుంచి మాస్టారింటికి వెళ్ళాం. ఆయన కోప్పడలేదు. కాఫీ ఇప్పించారు. గ్రూప్‌లోకి మళ్ళీ రమ్మని అడిగితే ఒక్కటే అడిగారు. "వాడితో మాట్లాడారా?" మాట్లాడామన్నాం. "సారీ చెప్పారా, ఊరికే మాట్లాడారా?"

ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం.

"ముందు అది చూడండర్రా. నా సంగతి తర్వాత చూద్దాం" అన్నారు మాస్టారు.

తిరిగి బండి దగ్గరికి వెళ్ళాం.